తాగుడూ మానసిక జబ్బూ రెండూ ఉన్నప్పుడు: బెంగళూరులో ఏ గ్రూపు ఎవరికి సరిపోతుంది

బైపోలార్ (మూడ్ ఒకప్పుడు విపరీతంగా ఎగిసి, ఇంకొకప్పుడు కుంగిపోయే జబ్బు) ఉన్న మనిషికి తాగుడు కూడా తోడైతే, ఏ గ్రూపులో కూర్చున్నా సగం మాటే బయటికి వస్తుంది. తాగుడు మానినవాళ్ల మీటింగులో ఆ జబ్బుకు లిథియం మాత్ర వేసుకుంటున్నానని చెప్పడానికి మొహమాటం. మానసిక జబ్బులవాళ్ల గ్రూపులో నిన్న రాత్రి కోటర్ వేశానని చెప్పడానికి సిగ్గు. గంజాయి, సైకోసిస్ (లేనివి వినబడి, కనబడి, భ్రమల్లో పడే స్థితి) కలిసి పట్టుకున్న కుర్రాడిదీ ఇదే ఇబ్బంది. డిప్రెషన్‌తో పాటు నిద్ర మాత్రలకు అలవాటుపడిన గృహిణిదీ ఇదే. అందుకే గ్రూపు ఇంటికి ఎంత దూరం, డబ్బు ఎంత అని అడిగే ముందు ఒక విషయం తేల్చుకోవాలి: సైకియాట్రిస్టు రాసిన మాత్రలు వేసుకునేవాళ్లను అక్కడ ఎలా చూస్తారు? ఆ జవాబు బాగుంటేనే మిగతా ప్రశ్నలు.

ఇది మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే తెలుగువాళ్లను మనసులో పెట్టుకుని రాసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయినా, కదిరి నుంచి వచ్చి సెంట్రింగ్ పని చేసే మేస్త్రీ అయినా జబ్బు లెక్క ఒకటే. చేతిలో ఉన్న సమయం, మాట్లాడగలిగే భాష వేరు.

ముందు హాస్పిటల్ ఎవరికి

రోజూ తాగేవాళ్లు, పొద్దున లేవగానే చేతులు వణికేవాళ్లు, ఇదివరకు తాగుడు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు "రేపటి నుంచి మీటింగుకు పోతాను" అని ఒక్కసారిగా ఆపేయకూడదు. చివరిసారి తాగిన 6 గంటల నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మనిషి అయోమయంలో పడి, లేనివి కనబడి, ఒళ్లంతా చెమటలు పట్టి ప్రాణం మీదికి రావచ్చు. దీన్ని చూసి గాలి సోకిందని గుడికో దర్గాకో తీసుకెళ్లే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అలా పోయే గంటలు చాలా ఖరీదైనవి. ఆ నాలుగు రోజులు వార్డులో ఉండాలి, థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి, డాక్టరు కళ్లెదుట ఉండాలి. ఆల్‌ప్రాజొలాం, క్లోనజెపాం లాంటి నిద్ర, ఆందోళన మాత్రలు నెలల తరబడి రోజూ మింగుతున్నవాళ్లకూ ఇదే జాగ్రత్త. వాటిని డాక్టరు లెక్క ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించాలి.

మూడు రాత్రులు నిద్ర లేకుండా గడగడా మాట్లాడుతున్నా, చచ్చిపొమ్మని చెవిలో గొంతులు వినిపిస్తున్నా, చావు గురించి పథకం వేసుకున్నా అది గ్రూపులో పంచుకునే సమయం కాదు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. నిమ్హాన్స్‌లో (బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి) క్యాజువాలిటీ రాత్రీ పగలూ పని చేస్తుంది. కదిలే పరిస్థితి లేకపోతే 108. ఫోన్‌లో మాట్లాడితే సరిపోయే స్థితి అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ 14416. ఇది 2022 అక్టోబరులో మొదలైంది, ఫోన్‌కు డబ్బులు పడవు, తెలుగు ఎంచుకోవచ్చు.

ఇంకో మాట. తాగుడు వల్ల వచ్చిన దిగులా, దిగులు వల్ల మొదలైన తాగుడా అన్నది మొదటి వారంలో ఎవరూ కచ్చితంగా తేల్చలేరు. తాగుడు పూర్తిగా ఆపి నెల గడిచాక కూడా దిగులు అలాగే ఉంటే దాన్ని విడి జబ్బుగా చూడాలని డాక్టర్లు అంటారు. కానీ పాత రికార్డులో తాగుడుకు ముందే డిప్రెషన్ ఉన్నా, కుటుంబంలో బైపోలార్ ఉన్నా, సైకోసిస్ ఉన్నా నెల ఆగనక్కర్లేదు. పాత ప్రిస్క్రిప్షన్లు, డిశ్చార్జి సమ్మరీ మొదటి రోజే డాక్టరు ముందు పెట్టండి.

ఏఏ, ఎన్ఏ మీటింగులు

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం, 1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో మొదలైంది, మన దేశంలో 1957 నుంచి ఉంది. మత్తుపదార్థాలకు అలాంటిదే నార్కోటిక్స్ అనానిమస్ (ఎన్ఏ) 1953లో కాలిఫోర్నియాలో పుట్టింది. మద్యం ఒక్కటే సమస్య అయితే ఏఏ. గంజాయి, మాత్రలు, ఇంజెక్షన్లు ఉంటే ఎన్ఏ, అక్కడ మద్యాన్ని కూడా మత్తుగానే లెక్కిస్తారు. ఫీజు లేదు. చివర్లో బుట్ట తిప్పుతారు, ఉన్నవాళ్లు వేస్తారు, లేనివాళ్లు వేయరు. బయటివాళ్ల విరాళం తీసుకోకూడదన్నది వాళ్ల నియమం. మీటింగ్ గంట నుంచి గంటన్నర నడుస్తుంది. ఓపెన్ మీటింగుకు భార్యనో అన్ననో వెంట తెచ్చుకోవచ్చు. క్లోజ్డ్ మీటింగుకు ఆ సమస్య ఉన్నవాళ్లే రావాలి. మొదటిసారి ఓపెన్ మీటింగుకు వెళ్లడం మేలు, ఎందుకంటే భయపడి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగేవాళ్లకు తోడు అవసరం.

మిగతా ఏ గ్రూపూ ఇవ్వలేని బలం ఒకటి వీటికి ఉంది. సాయంత్రం ఆరున్నర, ఏడు గంటలప్పుడు, ఆఫీసు నుంచో సైటు నుంచో తిరిగొచ్చే దారిలో బార్ మనసును గుంజే ఆ గంటలోనే, ఊళ్లో ఎక్కడో ఒకచోట మీటింగ్ ఉంటుంది. బుధవారం పొద్దున పదకొండింటికి జరిగే హాస్పిటల్ గ్రూపు శనివారం సాయంత్రాన్ని ఆదుకోలేదు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి కూడా ఇక్కడే దొరుకుతాడు.

బలహీనత మాత్రల దగ్గర. "ఆ గోళీలు కూడా ఒక నిషానే, వాటినీ వదిలేస్తేనే నువ్వు నిజంగా క్లీన్" అనే పాత మెంబర్లు కొన్నిచోట్ల ఉంటారు. ఈ మాట నమ్మి లిథియమో ఒలాంజపిన్‌నో ఆపేసిన మనిషి కొన్ని వారాల్లో మళ్లీ వార్డులో ఉంటాడు, ఆ తర్వాత తాగుడూ తిరిగొస్తుంది. ఏఏ సంస్థ తీరు మాత్రం ఇది కాదు. మెంబరు ఎవరూ డాక్టరులా సలహా ఇవ్వకూడదని ఏఏ తన సొంత చిన్న పుస్తకంలోనే అచ్చు వేసింది. బయటి విషయాలపై అభిప్రాయం చెప్పకూడదని ఏఏ పాటించే పన్నెండు సంప్రదాయాల్లో పదోది అంటుంది. కాబట్టి గోళీలు మానేయమన్నది ఆ మనిషి సొంత మాట, గ్రూపు మాట కాదు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే మీటింగులో నిలబడి మర్యాదగా తిప్పికొట్టవచ్చు.

వాళ్లు ఎందుకలా అంటారో కూడా అర్థం చేసుకోవాలి. తాగుడు మానుతూ ఆల్‌ప్రాజొలాంకు బానిసైనవాళ్లను వాళ్లు కళ్లారా చూశారు. తేడా ఇక్కడ ఉంది: లిథియం, సోడియం వాల్‌ప్రొయేట్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్, సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రాం నిషా కోసం ఎవరూ మింగరు. ఆల్‌ప్రాజొలాం, క్లోనజెపాం, నొప్పి మాత్రలైన ట్రమడాల్, టాపెంటడాల్ విషయంలో అలవాటు పడే ప్రమాదం నిజమే. సైకోసిస్ మాత్రల బిగుతు తగ్గించడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్‌ను కూడా కొందరు నిషా కోసం వాడతారు. గ్రూపులో ఎవరైనా అనుమానం లేపితే ఈ రెండో వరుసలో మీ మాత్ర ఉందేమో డాక్టరును అడగండి. మొదటి వరుసది అయితే మాట పట్టించుకోవద్దు.

మాత్రల సైడ్ ఎఫెక్టులు కూడా మీటింగులో తప్పుగా చదవబడతాయి. లిథియం వల్ల వేళ్లు వణికితే "మళ్లీ తాగాడు" అనుకుంటారు. ఒలాంజపిన్ మత్తుకు తల వాలితే ఏదో వేసుకున్నాడనుకుంటారు. ముందే స్పాన్సర్‌కో (కొత్త మెంబరుకు దారి చూపే పాత మెంబరు), మీటింగ్ నడిపే మనిషికో ఒక్క వాక్యంలో చెప్పి ఉంచితే చాలు. అయితే లిథియం వాడేవాళ్లకు వేళ్ల వణుకు పెద్దదై, నడక తూలి, విరేచనాలు, వాంతులు మొదలైతే అది విషమించిన లక్షణం. అదే రోజు రక్తంలో లిథియం చూపించుకోవాలి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకున్నా, ఎండలో బాగా చెమట పోసినా లిథియం పెరుగుతుంది.

ఏఏ, ఎన్ఏల్లో కోలుకోవడానికి ఒక్కొక్కటిగా ఎక్కించే 12 మెట్ల విషయానికొస్తే, మెట్లన్నీ అందరికీ ఒకే వేళకు సరిపోవు. నాలుగో మెట్టులో తన తప్పులన్నీ రాసుకోవాలి. లోతైన డిప్రెషన్‌లో ఉన్న మనిషి అదే పనిగా తన తప్పులు రాస్తూ కూర్చుంటే అపరాధ భావం ఆత్మహత్య ఆలోచన దాకా లాక్కెళ్లగలదు. మూడ్ కుదుటపడే దాకా నాలుగో మెట్టు వాయిదా వేయమని స్పాన్సర్‌ను అడగాలి, మంచి స్పాన్సర్ ఒప్పుకుంటాడు. "నా కంటే గొప్ప శక్తి" అనే మాట చాలామందికి ఆసరా. కానీ దేవుడు తనతో నేరుగా మాట్లాడుతున్నాడనే భ్రమ ఉన్నవాళ్లకు ఆ చర్చ నిప్పు రాజేసినట్టే, వాళ్లకు మొదటి మెట్టు (తాగుడు తన చేతిలో లేదని ఒప్పుకోవడం) దగ్గరే కొన్ని నెలలు ఆగడం క్షేమం. మేనియా (బైపోలార్‌లో మూడ్ విపరీతంగా ఎగిసే దశ) మొదలవుతున్న మనిషిని చూసి గ్రూపు ముచ్చటపడుతుంది: రోజూ రెండు మీటింగులు, అందరికీ ఫోన్లు, నిద్ర తక్కువ, ఉత్సాహం ఎక్కువ. 90 రోజుల్లో 90 మీటింగులు అనే సలహా అతని చేతిలో ప్రమాదమవుతుంది. అతని విషయంలో లెక్కపెట్టాల్సింది మీటింగులను కాదు, నిద్రపోయిన గంటలను.

స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు మీటింగులో మౌనంగా ఉంటే ఆసక్తి లేదనుకుంటారు. మాట రాకపోవడం ఆ జబ్బులో భాగం. గంటన్నర కూర్చోలేకపోతే అరగంట కూర్చుని వెళ్లిపోవచ్చు. "ఈరోజు వింటాను" అంటే ఎవరూ బలవంతపెట్టరు. అందరూ తననే చూస్తున్నారనే అనుమానం ఉన్నవాళ్లు పెద్ద మీటింగులు మాని, ప్రతి వారం అవే పదిమంది వచ్చే చిన్న మీటింగులో తలుపు దగ్గర కుర్చీ చూసుకోవాలి.

హెరాయిన్ లాంటివి మాన్పించడానికి ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ వాడేవాళ్లు ఎన్ఏలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కూర్చోవడానికి అడ్డు లేకపోయినా కొన్ని గ్రూపులు అలాంటివాళ్లను షేరింగ్ (తన సంగతి గ్రూపుతో చెప్పుకోవడం) చేయనివ్వవు, బాధ్యతలు ఇవ్వవు. ఆ ఒక్క గ్రూపులో అలా ఉందని బ్యుప్రెనార్ఫిన్ ఆపకండి. ఆపితే పాత డోసు తట్టుకునే శక్తి పోయిన శరీరంలోకి హెరాయిన్ వెళ్తుంది, ఓవర్‌డోస్ మరణాలకు అదే పెద్ద దారి. గ్రూపు మార్చండి.

హాస్పిటల్ నడిపే గ్రూపులు

నిమ్హాన్స్‌లో మత్తు వ్యసనాల కోసం సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ విడిగా ఉంది. మానసిక జబ్బు, వ్యసనం రెండూ ఒకే ఫైలులో రాయడం ఇక్కడి పెద్ద సౌకర్యం, ఎందుకంటే రెండుచోట్ల తిరిగితే ఒక డాక్టరు రాసింది ఇంకో డాక్టరుకు తెలియదు. పెద్ద హాస్పిటళ్ల డీఅడిక్షన్ విభాగాల్లో గ్రూపును సోషల్ వర్కరో సైకాలజిస్టో నడుపుతారు. మాత్రల మీద తప్పు మాట ఎవరైనా అంటే అక్కడికక్కడే సరిదిద్దుతారు. రాయలసీమ జిల్లాల నుంచి వచ్చే రోగులు నిమ్హాన్స్‌కు కొత్త కాదు, తెలుగులో చెప్పుకోవడానికి అక్కడ దారి దొరుకుతుంది.

లోటు ఏమిటంటే అవి పనిరోజుల్లో పగటిపూట జరుగుతాయి. కూలి పోతుంది, లేదా సెలవు పెట్టాలి. డిశ్చార్జి అయినవాళ్లు వెళ్లిపోతూ కొత్తవాళ్లు వస్తూ ఉంటే ముఖాలు నిలవవు, కొన్ని వారాల తర్వాత మీ వంతూ అయిపోతుంది. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే స్నేహం ఇక్కడ పుట్టడం తక్కువ. అయినా మొదటి రెండు మూడు నెలలకు ఇదే సరైన చోటని మా అభిప్రాయం. జబ్బు ఇంకా ఊగుతున్నప్పుడు శిక్షణ ఉన్న కన్ను కావాలి. ఆ నెలల్లోనే సాయంత్రం ఏఏ మీటింగ్ ఒకటి జత చేస్తే హాస్పిటల్ గ్రూపు ముగిసేనాటికి చేతిలో ఇంకోటి ఉంటుంది.

ఈ జోడింపు ఊహ కాదు. 2020లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (చికిత్సల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి తూచే సంస్థ నివేదిక) 27 అధ్యయనాలను, 10 వేల మందికి పైగా మనుషులను పరిశీలించింది. శిక్షణ పొందిన చికిత్సకులు ఒక పద్ధతి ప్రకారం రోగిని ఏఏ వైపు నడిపించినచోట, పూర్తిగా తాగకుండా ఉన్నవాళ్ల సంఖ్య ఇతర చికిత్సల కంటే మెరుగ్గా ఉంది. అది మద్యం గురించిన సమీక్ష, సైకోసిస్ ఉన్నవాళ్లకు దాన్ని అలాగే అంటగట్టకూడదు. కానీ హాస్పిటల్ చెయ్యి ఒకవైపు, మీటింగ్ చెయ్యి ఒకవైపు పట్టుకోవాలన్న మాటకు అది బలం.

ప్రైవేటు రీహాబ్ సెంటర్లు డిశ్చార్జి తర్వాత పెట్టే ఫాలోఅప్ గ్రూపుల గురించి క్లుప్తంగా. చేరకముందే మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017 కింద రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారు అని అడగండి. మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఆ చట్టం పరిధిలోకే వస్తాయి. గొలుసులతో కట్టేయడం, ఒంటరి గదిలో బంధించడం ఆ చట్టం ప్రకారం నిషేధం. "మా దగ్గర సైకియాట్రీ మాత్రలు ఆపించేస్తాం" అని గొప్పగా చెప్పే చోటికి మీ మనిషిని పంపకండి.

ఆన్‌లైన్‌లో దొరికే జంట సమస్యల గ్రూపులు

రెండు జబ్బులూ కలిసి ఉన్నవాళ్ల కోసమే పుట్టిన గ్రూపులు అమెరికాలో ఉన్నాయి. డ్యుయల్ రికవరీ అనానిమస్, డబుల్ ట్రబుల్ ఇన్ రికవరీ రెండూ 1989లో, మొదటిది కాన్సస్ సిటీలో, రెండోది న్యూయార్క్‌లో మొదలయ్యాయి. మాత్రలు వేసుకోవడం కోలుకోవడంలో భాగమని అక్కడ ముందే ఒప్పుకుంటారు, కాబట్టి వివరణ ఇచ్చుకునే పని ఉండదు. గొంతులు వినిపించాయని, ఆ గొంతులు ఆపడానికే తాగానని ఒకే వాక్యంలో చెప్పగలిగే గది ఇదే.

ఇబ్బంది భాష, గంట. ఇంగ్లీషు, అదీ అమెరికా యాస. న్యూయార్క్‌లో రాత్రి 8 గంటల మీటింగ్ మనకు వేసవిలో తెల్లవారుజామున 5:30, వాళ్ల చలికాలంలో 6:30. తెల్లవారుజామున లేవడం డిప్రెషన్ ఉన్నవాళ్లకు కష్టం, బైపోలార్ ఉన్నవాళ్లకు నిద్ర చెడితే హాని. వాళ్ల మధ్యాహ్నం మీటింగులు మనకు రాత్రి తొమ్మిదిన్నర, పదిన్నరకు పడతాయి, అవి మేలు. స్మార్ట్ రికవరీ కూడా ఆన్‌లైన్‌లో ఉంది. 1994లో మొదలైన ఈ పద్ధతిలో దేవుడి ప్రస్తావన ఉండదు. కోరిక ఎప్పుడు, ఎందుకు పుట్టిందో కాగితం మీద రాసి విడదీసే పని ఎక్కువ. లెక్కలూ పట్టికలూ నచ్చే ఉద్యోగులకు బాగా అతుకుతుంది. ఆలోచనలు చెదిరిపోయి ఉన్నప్పుడు ఆ రాతపని బరువవుతుంది.

పీజీలో ఉండేవాళ్లు గదిలో మీటింగ్ పెట్టుకోలేరు. ఇయర్‌ఫోన్స్‌తో మేడ మీదికో, పార్కులోకో వెళ్లండి. కెమెరా ఆపి, స్క్రీన్ మీద కనిపించే పేరును మొదటి అక్షరానికి మార్చుకోండి, ఆఫీసు లాప్‌టాప్ వాడకండి. వాట్సాప్ గ్రూపులను మాత్రం సపోర్టు గ్రూపుగా లెక్కించవద్దు. అర్ధరాత్రి పెట్టిన "ఇక నా వల్ల కాదు" అనే మెసేజ్ పొద్దున దాకా ఎవరూ చూడకపోవచ్చు. డోసుల సలహాలు, అప్పుల అడగడాలు కూడా అక్కడే మొదలవుతాయి.

ఇంట్లోవాళ్లకు

తాగే మనిషి కుటుంబానికి అల్-అనాన్ ఉంది, అదీ ఉచితమే. మానసిక జబ్బు ఉన్నవాళ్ల కుటుంబాలు కలిసి నడుపుకునే అమెండ్ బెంగళూరులో ఉంది. అల్-అనాన్‌లో "నీ జీవితం నువ్వు చూసుకో, అతని తాగుడు పర్యవసానం అతన్నే పడనీ" అనే ధోరణి ఉంటుంది. తాగుడు ఒక్కటే అయితే అది చాలా ఇళ్లను నిలబెట్టింది. సైకోసిస్‌లో ఉన్న కొడుకును అలా వదిలేస్తే మాత్రలు ఆగిపోతాయి, వీధిలో పడతాడు. కాబట్టి జంట సమస్య ఉన్న ఇంటి తల్లి అల్-అనాన్‌లో కోపం, అపరాధ భావం దింపుకోవాలి. మాత్రలు ఎలా ఇప్పించాలి, ఎప్పుడు అడ్మిట్ చేయాలి అన్నది అమెండ్ లాంటి కుటుంబ గ్రూపులో నేర్చుకోవాలి. రెండూ కావాలి.

ఒక ప్రమాదకరమైన అలవాటు గురించి చెప్పకుండా ఉండలేం. తాగుడు మాన్పించే పొడి అని, డైసల్ఫిరామ్ మాత్ర అని సాంబారులో తెలియకుండా కలిపిపెట్టడం. ఆ మాత్ర లోపల ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి మరణం. చివరి మాత్ర తర్వాత రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండవచ్చు. సైకోసిస్‌ను కూడా పెంచగలదు. దగ్గు సిరప్‌లు, ఆయుర్వేద అరిష్టాల్లో ఉండే ఆల్కహాల్‌తోనూ రియాక్షన్ వస్తుంది. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూసి ఇచ్చినప్పుడే అది మందు.

అయితే ఎవరు ఎటు

జబ్బు ఇటీవలే బయటపడి, డోసులు ఇంకా కుదరని మనిషికి హాస్పిటల్ గ్రూపు. ఇందులో మాకు సందేహం లేదు. మూడ్ లేదా సైకోసిస్ మూడు నెలలుగా నిలకడగా ఉండి తాగుడే మళ్లీమళ్లీ జారుతుంటే ఏఏ, వారానికి మూడుసార్లైనా. తాగుడు ఆగింది కానీ దిగులు, భయం, గొంతులు మిగిలాయంటే మానసిక జబ్బుల గ్రూపుకు ప్రాధాన్యం, నెలకు రెండు ఏఏ మీటింగులు పట్టు కోసం. ఇంగ్లీషు బాగా వచ్చి, పరువు భయంతో ఏ గుమ్మమూ ఎక్కలేని ఉద్యోగికి ఆన్‌లైన్ మొదటి మెట్టు. కానీ మూడు నెలల్లో ఒక్క మనిషినైనా ఎదురుగా కలవాలి. సెంట్రింగ్ మేస్త్రీకి ఆన్‌లైన్ పనికిరాదు. అతనికి ఇంటి దగ్గరి మీటింగ్, నెలకోసారి హాస్పిటల్.

ఆడవాళ్ల సంగతి విడిగా చూడాలి. మీటింగుల్లో ఆడవాళ్లు తక్కువ, ఒక్కొక్కసారి గదిలో ఒక్కరే ఉంటారు. స్పాన్సర్ ఎప్పుడూ ఆడమనిషే కావాలి, ఈ నియమంలో సడలింపు వద్దు. కొత్తగా వచ్చిన ఆమెను కారులో దింపుతానని, రోజూ ఫోన్ చేస్తానని మగ మెంబరు వెంటపడితే ఆ మీటింగ్ వదిలేయండి. ఆడవాళ్లకు మాత్రమే జరిగే ఆన్‌లైన్ మీటింగులు వాళ్లకు తక్కువరకం ప్రత్యామ్నాయం కాదు, చాలాసార్లు అదే మొదటి ఎంపిక.

ట్రాఫిక్‌ను తేలిగ్గా తీసుకోకండి. ఏడింటి మీటింగుకు ఏడూ నలభైకి చేరితే రెండోసారి వెళ్లబుద్ధి కాదు. వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వాళ్లు పర్పుల్ లైన్ పక్కన, ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లు 2025 ఆగస్టులో మొదలైన యెల్లో లైన్ పక్కన ఉండే మీటింగ్ చూసుకోవాలి. రోజూ ఆగే బార్ ముందు నుంచి పోయే దారైతే ఒక స్టేషన్ ముందే దిగి నడవండి.

ఫోన్ చేసి అడగాల్సినవి, తర్వాత చూడాల్సినవి

మీటింగ్ హెల్ప్‌లైనుకు చేసినప్పుడు ఇలా అడగండి: ఏ భాషలో జరుగుతుంది, తెలుగులో షేరింగ్ చేస్తే అర్థం చేసుకునేవాళ్లు ఉన్నారా? ఓపెనా, క్లోజ్డా? సుమారు ఎంతమంది వస్తారు? సైకియాట్రీ మాత్రలు వాడుతూ సోబర్‌గా ఉన్న మెంబరు ఎవరైనా ఉన్నారా, అతనితో ముందు మాట్లాడవచ్చా? ఆఖరి ప్రశ్నకు "ఉన్నారు" అని వెంటనే చెప్పిన మీటింగుకే ముందు వెళ్లండి. ఒకే గ్రూపుకు మూడుసార్లు వెళ్లకుండా మంచిదనీ చెడ్డదనీ తీర్పు ఇవ్వకండి, మాత్రలు మానమని చెప్పిన చోటు తప్ప. దానికి ఒక్కసారి చాలు.

తెలుగులో సరైనది దొరకకపోతే నలుగురైదుగురు కలిసి చిన్న గ్రూపు పెట్టుకోవచ్చు. ఇద్దరు తాగుబోతులు మానడం కోసం కలిసి కూర్చున్నా అది గ్రూపేనని ఏఏ ఒప్పుకుంటుంది. జంట సమస్యల గ్రూపు అయితే కొన్ని కట్టుబాట్లు మొదటి రోజే చదివి ఒప్పించాలి. మాత్ర పేరు చెప్పవచ్చు, డోసు సలహా ఇవ్వకూడదు. ఆత్మహత్య ఆలోచన చెప్పవచ్చు, పద్ధతి వర్ణించకూడదు. తాగి వచ్చినవాళ్లు కూర్చుని వినవచ్చు, మాట్లాడకూడదు. అప్పులు లేవు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, మొత్తం గంట. నడిపేవాళ్లు ఎప్పుడూ ఇద్దరుండాలి, ఎందుకంటే ఒకరే నడిపిన చిన్న గ్రూపు ఆ ఒక్కరు జారిన వారమే మూతపడుతుంది. ప్రతి మెంబరూ ఒక కార్డు రాసి తాను నమ్మిన ఒకరి దగ్గర ఉంచాలి: డాక్టరు ఫోన్, ఇంట్లో ఒకరి ఫోన్, వాడే మాత్రలు, తనకు జబ్బు తిరగబెట్టే ముందు కనిపించే మూడు గుర్తులు. వరుసగా రెండు మీటింగులకు రాని మనిషికి అదే రోజు ఫోన్ వెళ్లాలి.

సంక్రాంతికో పెళ్లికో ఊరికి వెళ్లేటప్పుడు మాత్రలు అవసరం కంటే ఐదు రోజులు ఎక్కువ తీసుకెళ్లండి. ఊళ్లో మీటింగ్ లేకపోతే ఫోన్‌లో కలిసే సమయం బస్సెక్కే ముందే స్పాన్సర్‌తో ఖాయం చేసుకోండి. బావమరుదులు గ్లాసు పట్టుకొచ్చినప్పుడు చెప్పే మాట కూడా ముందే అనుకోవాలి. "కాలేయం దెబ్బతింది, డాక్టరు వద్దన్నారు" అంటే చాలా ఊళ్లలో ఇంక ఎవరూ బలవంతపెట్టరు. ఇంకొకటి, సిగరెట్లు మానితే క్లోజపిన్, ఒలాంజపిన్ రక్తంలో పెరుగుతాయి. తాగుడుతో పాటు పొగ కూడా ఆపాలనుకునేవాళ్లు డాక్టరుకు చెప్పి ఆపాలి.

గోడ మీది క్యాలెండర్‌లో రోజూ మూడు గుర్తులు పెట్టండి: మాత్ర వేసుకున్నానా, తాగానా, ఎన్ని గంటలు నిద్రపోయాను. ఎనిమిది వారాల తర్వాత ఆ క్యాలెండర్ డాక్టరు ముందు పెట్టండి. తాగని రోజులు పెరిగి నిద్ర తగ్గుతూ ఉంటే మీటింగులు తగ్గించాలి. మాత్రలు సరిగ్గా పడుతున్నా తాగిన రోజులు తగ్గకపోతే మీటింగులు పెంచాలి, లేదా నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి కోరిక తగ్గించే మాత్రల గురించి అడగాలి. తాగుడూ నిద్రా రెండూ మెరుగుపడకపోతే గ్రూపు మార్చే ముందు డాక్టరుతో కూర్చుని అసలు నిర్ధారణనే మళ్లీ చూడమనండి.